మా తోడికోడలి విమానం

సుబ్బాయమ్మ అంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. సగం చదివాక, ఈవిడేంటి సొంత తోడికోడలి గురించి ఇలా రాసింది అని ఎవరూ ముక్కున వేలేసుకోనక్కర్లేదు. కాపరానికి తిరువూరు వచ్చిన నాటి నుంచీ మా ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఇప్పటికీ అంతే.

అయినా ఎందుకు రాస్తున్నానంటే, జనం ఆవిడ గురించి చెప్పుకునేవన్నీ అబద్ధాలు గనక. మొన్న బెజవాడ బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. తిరువూరులో ఒకావిడ సొంతంగా విమానం నడిపేదట. పక్కూరు నెమలిలో గుడి చుట్టూ మూడు చుట్లు తిప్పి, స్వామికి దణ్ణం పెట్టుకుని మరీ దిగేదట. నాకు ఒళ్ళు మండింది. సుబ్బాయమ్మ ఆ విమానం ఒక్కనాడూ ఎక్కలేదు. ఎవరైనా ఎక్కమంటే, "సొంతదారు ఉండాల్సింది కిందే. పైకెక్కి కూచుంటే కింద ఏం పాడైందో ఎవరు చూస్తారు?" అనేది. ఆవిడ విమానం నడపలేదు, కాపాడింది. కాపాడడమంటే ఊరందరితోనూ తగువు పెట్టుకోవడమని ఆవిడ అభిప్రాయం. ఆ తగువుల్లో పెద్ద వాటా నాది.

డెబ్భై రెండులో వచ్చింది ఆ విమానం. తెచ్చింది మా బావగారు దశరథరామయ్య గారు. మా ఆయన అంకారావు గారికి అన్న, సుబ్బాయమ్మకి భర్త. ఆయనకి చిన్నప్పటి నుంచీ విమానాల పిచ్చి. హైదరాబాదు వెళ్ళి నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నారు. మా మెట్టలో పత్తి అప్పుడప్పుడే జోరందుకుంటోంది. పురుగు పడితే కూలీలు వీపుకి డబ్బాలు కట్టుకుని మందు కొట్టుకుంటూ వచ్చేసరికి సగం కాయ రాలిపోయేది. అదే విమానంతో అయితే ఒక్క పొద్దులో అయిపోతుందని చెప్పి, వేలంలో పాతది ఒకటి పాడుకున్నారు. రెక్కలు పైన ఉండే రెండు సీట్ల విమానం. ఒంటికి రేకు కాదు, గుడ్డ. చట్రం మీద బిగించి కట్టిన గుడ్డకి పసుపుపచ్చ రంగు. వెనక సీటు తీసేయించి అక్కడ మందు ట్యాంకు పెట్టించారు.

అది పరుగెత్తి లేవడానికి బాట కావాలి. గంపలగూడెం రోడ్డు పక్కన మా ఉమ్మడి మెట్ట ఉంటే, మధ్యలో పొడుగ్గా ఒక చెక్క నేల చదును చేయించారు. అందులో సగం మా ఆయన వాటాలోది. అన్నగారి మాటకి ఎదురు చెప్పలేక ఊరుకున్నారు గానీ, ఆ బాట చూసినప్పుడల్లా మా ఆయన పళ్ళు నూరేవారు. నాకూ కడుపుమంటగానే ఉండేది. బంగారం లాంటి భూమి, అందులో గడ్డి తప్ప ఏం మొలవనివ్వరు.

డెబ్భై నాలుగు వానాకాలంలో బావగారికి పచ్చకామెర్లు వచ్చాయి. నాటుమందు వాడి వాడి, బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే చెయ్యి దాటిపోయింది. పెద్దకర్మ అయిన మర్నాడే మా ఆయన పాత ఇనుము కొనే మనిషిని వెంటబెట్టుకుని బాట దగ్గరికి వెళ్ళారు. సుబ్బాయమ్మ విమానం రెక్క కింద పీట వేసుకుని కూర్చుని ఉంది.

"ఇందులో ఇనుము ఎక్కువ లేదు నాయనా. నీకు లారీ బాడుగ కూడా గిట్టదు, వెళ్ళు" అంది ఆ మనిషితో. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. "ఏం మరిదిగారూ, మీ అన్న చితి ఆరిందా, ఇంకా పొగ వస్తోందా?"

మా ఆయన ముఖం మాడ్చుకుని తిరిగొచ్చారు. ఆ రోజు నుంచి వాళ్ళది ఎడమొహం పెడమొహం.

ఇక ఆవిడ విమానాన్ని సాకిన తీరు చెప్పాలి. నడపడానికి దేవానందం అనే కుర్రవాణ్ణి పెట్టుకుంది. మా ఊరి మిషన్ స్కూలు టీచరు రిబ్కా గారి అబ్బాయి. బావగారితో పాటే హైదరాబాదులో నేర్చుకున్నవాడు, మర్యాదస్తుడు. పత్తి కాలంలో వచ్చి నడిపి వెళ్ళేవాడు. మిగతా కాలమంతా విమానం సుబ్బాయమ్మదీ, ఆవిడ నోటిదీ.

ఆ గుడ్డకి పూసే రంగులో ఏముందో గానీ పశువులకి దాని వాసన ప్రాణం. ఒకరోజు మా గేదె పలుపు తెంపుకుని వెళ్ళి విమానం తోక నాకింది. నాకి ఊరుకోకుండా ఒక మూల కొరికింది. సుబ్బాయమ్మ గేదెని తోలుకుంటూ బజారంతా దాటి మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నీ గేదెకి మేత వెయ్యలేకపోతే చెప్పు, నేను వేస్తా. నా విమానం తోక తినమని మాత్రం తోలకు."

"నేనేం తోల్లేదు. తినేలాగా నువ్వెందుకు పెట్టావు? నాలుగు ముళ్ళకంపలు వేసుకోలేవూ?"

మర్నాటికి విమానం చుట్టూ తుమ్మకంప వేయించింది. కంప నరికింది మా గట్టు మీది తుమ్మచెట్టు నుంచి. అడగలేదు. నా బట్టలారేసుకునే నైలాను తాడు ఊడదీసుకుపోయినప్పుడూ అడగలేదు. గాలివానకి విమానం ఎగిరిపోకుండా రెక్కలకీ తోకకీ తాళ్ళు కట్టి మేకులకి బిగిస్తారు. అంతకుముందు జనపతాడు కట్టేవారు. జనపతాడు తడిస్తే బిగుసుకుంటుంది, బిగుసుకుంటే రెక్క వంగుతుంది. అందుకని మబ్బు పట్టగానే ఆవిడ పరుగెత్తి తాళ్ళు కాస్త వదులు చేసి వచ్చేది, వాన వెలిశాక మళ్ళీ బిగించేది. ఎన్నాళ్ళని పరుగెత్తుతుంది? నా తాడు మీద కన్ను పడింది. నైలాను తడిసినా అలా బిగుసుకోదట. నేను వెళ్ళి అడిగితే, "నీ చీరలు ముళ్ళకంప మీద ఆరేసుకో, ఏం కాదు" అంది.

పొద్దున్నే ఆవిడ చేసే పని ఇంకొకటుంది. గాజుగ్లాసు పట్టుకుని రెక్క కిందికి వెళ్ళి, ట్యాంకు అడుగునున్న చిన్న కుళాయి తిప్పి కాస్త పెట్రోలు పట్టేది. దాన్ని ఎండకెత్తి చూసేది. రాత్రి ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపల మంచు పట్టి నీళ్ళవుతాయి, ఆ నీళ్ళు పెట్రోలు కిందికి దిగి అడుగున నిలుస్తాయి. అవి ఇంజనులోకి వెళితే విమానం ఆకాశంలో ఆగిపోతుంది. అందుకని సాయంత్రం ట్యాంకు నిండుగా నింపి పెట్టాలి, పొద్దున్నే అడుగు పట్టి చూడాలి. గ్లాసులో కింద నీటిబొట్టు కనిపిస్తే, కనిపించనంతవరకూ పట్టి పారబొయ్యాలి. ఊళ్ళోవాళ్ళు మాత్రం మొగుడు పోయిన దిగులుతో సుబ్బాయమ్మ పెట్రోలు తాగుతోందన్నారు. ఆ మాట పుట్టించింది నేనని ఆవిడ అనుమానం. నేను కాదు. నాకు తోచి ఉంటే నేనే పుట్టించేదాన్ని.

పెద్దంతరం చిన్నంతరం లేదు ఆ నోటికి. మా అత్తగారు పిచ్చమ్మ గారు ఒకసారి ప్రేమగా, పోయిన కొడుకు కూర్చున్న చోటు చూద్దామని వెళ్ళి, ముందు అద్దం దుమ్ము కొట్టుకుని ఉంటే పమిటతో తుడవబోయారు. "అత్తయ్యా, చెయ్యి తియ్యి" అని ఎంత గట్టిగా అరిచిందంటే ముసలావిడ పడబోయింది. అది అద్దం కాదట, పల్చటి ప్లాస్టిక్కట. ఎండుగుడ్డతో రుద్దితే గీతలు పడి, ఎండలో ఎదర ఏముందో కనపడదట. ముందు నీళ్ళు పోసి, అరచేత్తో రాసి కడగాలట. ఆ మాట మెల్లిగా చెప్పొచ్చు గదా? చెప్పదు. మా ఆయన ఒకసారి ముందున్న పంకాకి ఆనుకుని చుట్ట ముట్టించబోతే, నలుగురు పెద్దల ఎదట చుట్ట లాగి పారేసింది. "ఆగి ఉంటే మాత్రం? పొగరుబోతు కోడె కొమ్ముల ముందు నిలబడతావా? ఇదీ అంతే" అంది.

ఎడమ రెక్క కింద పెన్సిలు లావున ఒక గొట్టం ముందుకు పొడుచుకుని ఉండేది. దాని కొసన చిన్న రంధ్రం. విమానం పోతుంటే ఆ రంధ్రంలోకి గాలి కొడుతుంది, ఆ గాలిని బట్టి విమానం ఎంత వేగంతో పోతోందో లోపల ముల్లు చెబుతుంది. బావగారు ఉన్న రోజుల్లో దానికి ఎప్పుడూ గుడ్డ చుట్టి ఉంచేవారు. ఆయన పోయిన గొడవలో ఎవరూ పట్టించుకోలేదు. కందిరీగ ఒకటి వచ్చి అందులో మట్టిగూడు కట్టింది. దేవానందం ఇంజను వేసి బాట మీద పరుగు తీయించాడు. ముల్లు కదల్లేదు. చూసుకుని చప్పున ఆపాడు గాబట్టి సరిపోయింది.

"పైకి లేచాక చూసుకుని ఉంటే ఏమయ్యేది?" అని అడిగాను. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, గేదె కోసం వెళ్ళి.

"పత్తి మీద మందు కొట్టేటప్పుడు చెట్టెత్తున పోతామండి. వేగం తెలీక కాస్త తగ్గిందంటే రాయిలాగా కిందికొస్తాం. సర్దుకోడానికి ఎత్తుండదు" అన్నాడు దేవానందం మామూలుగా.

గొట్టం విప్పి లోపలి పైపులన్నీ శుభ్రం చేయడానికి హైదరాబాదు నుంచి మెకానిక్కు రావాల్సి వచ్చింది. ఆ తర్వాత సుబ్బాయమ్మ ఎర్రగుడ్డతో తొడుగు కుట్టి ఆ గొట్టానికి తొడిగింది. ఎర్రదే ఎందుకంటే, ఎగిరే ముందు తియ్యడం మరిచిపోకుండా కంట్లో పడాలని. ఇక దాని దగ్గరికి ఎవరు వెళ్ళినా ఒంటికాలి మీద లేచేది.

డెబ్భై ఐదు వేసవిలో మా ఆయన పెద్దమనుషుల్లో పెట్టారు. తన వాటా భూమి తనకి అప్పగించమన్నారు. వాళ్ళు ఇద్దరి మాటలూ విని ఒక తీర్పు చెప్పారు. ఏటా పత్తి కాలంలో విమానం పనిచేసినంత కాలం బాట సుబ్బాయమ్మది, దానికి బదులుగా మామిడితోట పక్కన ముక్క మా ఆయనకి. ఏ ఏడాది విమానం పని చెయ్యకపోతే ఆ ఏడాది మా ఆయన బాట దున్నుకోవచ్చు. ఊరికే ఎగరేసి దింపితే చెల్లదు, పత్తి మీద మందు కొట్టాల్సిందే అని మా ఆయన పట్టుబట్టి చేర్పించారు. బాట పోతే విమానం లేదు. విమానం లేకపోతే సుబ్బాయమ్మకి మిగిలేది మా ఇంటి వెనక గదీ, మా ఆయన పెట్టే తిండీ. ఆవిడకది తెలుసు. మాకూ తెలుసు.

ఆ ఏడు వానలు వదల్లేదు. బాట మీద నీళ్ళు నిలిచి, చక్రం దిగబడేంత బురద. బాట ఆరే వేళకి దేవానందానికి టైఫాయిడు. భాద్రపదం వెళ్ళిపోయింది. పురుగు పడింది. విమానం కదల్లేదు. సుబ్బాయమ్మ రోజూ బాట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, రాళ్ళూ దుబ్బులూ ఏరుకుంటూ, గుంటలు పూడ్చుకుంటూ తిరిగేది. మా ఆయన అరుగు మీద కూర్చుని అది చూస్తూ నాగలికి కొత్త కర్రు వేయించారు. చివరికి కబురొచ్చింది. జ్వరం తగ్గింది, దసరా దశమి నాడు పొద్దున్నే దేవానందం వస్తున్నాడు. ముగ్గురు రైతులు మందు కొట్టించుకుంటామని మాట ఇచ్చారు.

దశమికి ముందు నవమి. ఆ రోజు మా ఇంట్లో నాగళ్ళకీ, బళ్ళకీ, ఆయిలింజనుకీ పసుపూ కుంకుమా పెట్టి పూజ చేస్తారు. విమానం వచ్చినప్పటి నుంచి దానికీ చేస్తున్నారు, బావగారు పోయిన ఏడు తప్ప. సుబ్బాయమ్మ పసుపు ముట్టుకోకూడదు గదా, ఇప్పుడు పెట్టాల్సింది నేను. ఆవిడ నన్ను పిలవలేదు. అత్తగారే పిలిచారు. ఇంటి పెద్దకోడలికి ఆ అదృష్టం పోయింది గనక చిన్నకోడలే చెయ్యాలన్నారు.

ముందు రోజు సాయంత్రం అన్నం తింటూ మా ఆయన అన్నారు: "రేపు అన్నిటికీ పెట్టు. రెక్క కింద గొట్టానికి కూడా. తొడుగు తీసి, రంధ్రం మీద గట్టిగా అద్ది పెట్టు."

"అక్కడ ముట్టుకుంటే మీ వదిన ఊరుకుంటుందా?"

"పండగపూట అమ్మ ఎదట ఏం అంటుంది? ముద్దగా కలుపు. ఎండితే రాయి అవుతుంది. మెకానిక్కు వచ్చేసరికి పత్తి కాలం అయిపోతుంది."

"దేవానందం చూసుకోకపోతే?"

"చూసుకుంటాడు. పోయినేడు చూసుకోలేదూ?" అని మజ్జిగ పోయమన్నారు.

మజ్జిగ పోశాను. సుబ్బాయమ్మని బాట మీంచి వెళ్ళగొట్టాలని నాకూ ఉంది, లేదనను. కానీ దానికి రిబ్కా గారి కొడుకుని అడ్డం పెడతారా, అదీ నా వేలితో? ఆయన కంచం ముందు కూర్చుని తాపీగా వేళ్ళు నాకుతుంటే, ఇన్నేళ్ళ కాపరంలో మొదటిసారి ఆ మనిషి మీద అసహ్యం వేసింది. నేను ఆ గొట్టానికి పెట్టను. అది అప్పుడే తేల్చుకున్నాను. ఆయనతో మాత్రం అనలేదు.

నవమి నాడు బాట దగ్గర ఆడవాళ్ళు చాలామందే చేరారు. మా ఆయన కొబ్బరికాయతో సిద్ధంగా ఉన్నారు. నేను పసుపుగిన్నె పట్టుకుని చక్రాలకీ, తలుపుకీ, తోకకీ పెట్టుకుంటూ వచ్చాను. సుబ్బాయమ్మ దూరంగా నిలబడాలి, నిలబడలేదు. నా వెనకే అడుగులో అడుగు వేస్తూ వచ్చింది. "అంత ముద్ద పెట్టకు. గుడ్డ కుళ్ళుతుంది." "అక్కడ కీలుంది, పక్కకి పెట్టు." నాకు ఒళ్ళు మండిపోతున్నా పండగని ఓర్చుకున్నాను. ఎడమ రెక్క దగ్గరికి వచ్చి, గొట్టం వదిలేసి పంకా వైపు తిరిగాను.

"ఆ మూల వదిలేశావేంటే?" అన్నారు అత్తగారు.

"అక్కడ పెట్టకూడదట అత్తయ్యా."

"నా కొడుకూ అలాగే అన్నాడు. అక్కడొద్దమ్మా అన్నాడు. సరేనని ఆ ఏడు పెట్టకుండా వదిలేశాం. మళ్ళీ దసరా చూడకుండా పోయాడు." ఆవిడ పమిటతో కళ్ళు ఒత్తుకున్నారు. "ఆ గుడ్డ తీసి పెట్టు. ఈసారి వదలొద్దు."

నేను కదల్లేదు. "అమ్మ చెప్పినట్టు చెయ్యి" అన్నారు మా ఆయన. ఆయన కళ్ళు నా వేలి మీదే ఉన్నాయి. ఎవరో పెద్దముత్తయిదువ ఉత్సాహంగా వెళ్ళి ఎర్రతొడుగు లాగేసింది. నా వేలి కొసన పసుపుముద్ద. ఎదురుగా రంధ్రం. చుట్టూ జనం. నేను పెట్టనని చెప్పడానికి నోరు తెరిచాను.

సుబ్బాయమ్మ నా చేతిలోంచి గిన్నె లాక్కుంది.

నేను పెట్టబోవడం లేదు. అది చెప్పనిస్తేగా! శత్రువు ఎప్పుడూ శత్రుత్వమే చేస్తుందని ఆవిడ లెక్క. ఆ లాక్కోవడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు మండుతుంది.

తర్వాత ఆవిడ చేసిన పని మా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. బోసి నుదురుతో, బోసి చేతులతో, పసుపులో వేలు ముంచి పంకాకి పెట్టింది. ఇంజను మూతకి పెట్టింది. కుంకుమ అద్దింది. గొట్టానికి తొడుగు మళ్ళీ తొడిగి, దానికి దూరంగా రెక్క మీద ఒక బొట్టు పెట్టింది. అత్తగారి ముఖంలో రక్తం లేదు.

"ఎంత పని చేశావే" అన్నారు ఆవిడ.

"దీనికి ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నాకు తెలుసత్తయ్యా. మీ కొడుకు చెప్పి పోయాడు" అంది సుబ్బాయమ్మ.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొంగులు సర్దుకుని వెళ్ళిపోయారు. మా ఆయన కాయ కొట్టకుండానే దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికొచ్చారు. చాలా సంతోషంగా వచ్చారు. తను అనుకున్నదాని కంటే మేలే జరిగింది మరి. పొద్దు గుంకేలోగా మాట ఇచ్చిన ముగ్గురు రైతులూ వద్దని కబురు పెట్టారు. విధవ చేత్తో పూజ చేసిన విమానం మా చేల మీదికి రాకూడదు అన్నారు. విమానానికి వరస చూపించడానికి చేను చివర్లలో జెండాలు పట్టుకునే కూలీలూ రామన్నారు.

దశమి పొద్దున దేవానందం వచ్చాడు. జ్వరంతో సగమయ్యాడు. విమానం సిద్ధంగా ఉంది. పెట్రోలు నిండుగా ఉంది, గ్లాసులో నీటిబొట్టు లేదు, బాట మీద రాయి లేదు. మందు కొట్టడానికి చేను లేదు. మా ఆయన అరుగు మీద కూర్చుని ఎడ్లని కడగమని పాలేరుకి చెబుతున్నారు.

నేను పెరటి దారిన బాట దగ్గరికి వెళ్ళాను. సుబ్బాయమ్మ రెక్క కింద అదే పీట మీద కూర్చుని ఉంది. లేవలేదు.

"నా చేను ఉంది. నెమలి దారిలో. పచ్చపురుగు కాయల్ని తినేస్తోంది" అన్నాను.

"మీ ఆయన్ని అడిగావా?"

"చేను నాది. పసుపు కుంకుమల కింద మా నాన్న నా పేర రాసిచ్చాడు. ఆయన్ని అడిగేదేముంది?"

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "జెండా పట్టుకునేవాళ్ళు లేరు."

"రెండు చివర్లకీ ఇద్దరం ఉన్నాం." కడుపులో ఉన్నదీ కక్కేశాను. "నిన్న నేను గొట్టంలో పెడతాననుకున్నావు గదా?"

"అనుకున్నాను."

"పెట్టేదాన్ని కాదు."

"సరే. కొంగు ముక్కుకి గట్టిగా కట్టుకో. మందు మంచిది కాదు" అంది. అంతే. నాలుగు మంచిమాటలు అంటే ఆవిడ సొమ్మేం పోయేది?

దేవానందం, ఆవిడా కలిసి మందు కలిపి ట్యాంకులో పోశారు. నాకు చెయ్యాల్సింది చెప్పింది. వెదురుకర్రకి కట్టిన తెల్లగుడ్డ పైకెత్తి సాలు మీద నిలబడాలి. విమానం నా వైపు తిరిగి వరస పట్టగానే, గాలి వచ్చే వైపు జరిగి తర్వాతి వరసలో నిలబడాలి. గాలి పోయే వైపు జరిగితే మందంతా నా మీదే పడుతుంది. "భయపడి కర్ర పారేసి పరుగెత్తావంటే మాత్రం చూడు" అని ఒక బెదిరింపు.

ఎర్రతొడుగు తన చేత్తో తీసి, రంధ్రంలోకి ఒక కన్ను పెట్టి చూసి, తొడుగు బొడ్లో దోపుకుంది. అప్పుడు గానీ దేవానందాన్ని ఎక్కనివ్వలేదు.

నా చేను ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. విమానం చెట్టెత్తున నా మీదికి వచ్చింది. అంత చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు. చెవులు మూసుకుందామంటే చేతుల్లో కర్ర. చాలా భయపడ్డాను. ఆ భయంలోనే ఒక సంగతి తట్టింది. లోపల ఆ ముల్లు కదలకపోతే ఈపాటికి దేవానందం నా పత్తిలో ముక్కలై ఉండేవాడు, పెట్టిన వేలు నాదై ఉండేది. మా ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే భయం పోయింది. మళ్ళీ మళ్ళీ వచ్చింది విమానం. నేను జరుగుతూనే ఉన్నాను.

చప్పుడు విని ఊరు ఊరంతా గట్ల మీదికి చేరింది. పెద్దమనుషులూ వచ్చారు. మా ఆయన పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చి, జెండా పట్టుకున్నది ఎవరో చూసి, దారి మధ్యలోనే ఆగిపోయారు. పెద్దమనుషుల్లో ఒకాయన, "పని చేసింది గదా అంకారావూ, మీ ఇంటి చేలోనే" అన్నాడు.

చేను అయిపోయాక సుబ్బాయమ్మ గట్టు వెంట నా వైపు వచ్చింది. ఏదో అంటుందని నిలబడ్డాను.

"మూడో వరసలో జెండా వంకరగా పట్టుకున్నావు. అక్కడ పురుగు మిగిలిపోతుంది, చూసుకో" అంది.

నిజంగానే అక్కడ మిగిలింది. మిగతా చేను బతికింది. అది చూసి వద్దన్న రైతులే వారం తిరక్కుండా ఆవిడ కంప దగ్గర నిలబడ్డారు. ఆవిడ నోటికి పనిబడింది, ముగ్గురినీ కడిగేసింది. తర్వాతే మందు కొట్టించింది.

మా ఆయన నాతో చాలాకాలం మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు. వండి పెట్టాను, తిన్నారు. కొత్త కర్రు మామిడితోట పక్క ముక్కలో అరగదీసుకున్నారు.

మరుసటి దసరాకి అత్తగారు నన్ను పిలవలేదు, సుబ్బాయమ్మా పిలవలేదు. నవమి నాడు పొద్దున్నే నా అంతట నేనే పసుపు కలిపి, గిన్నె పట్టుకుని బాట దగ్గరికి వెళ్ళాను. ఆడవాళ్ళు దూరంగా గట్టు మీద నిలబడి చూస్తున్నారు. ఈసారి ఆవిడ లాక్కోకుండా గిన్నె నేనే ముందుకు చాపాను. ఆవిడ నా ముఖం వైపు చూడలేదు. వేలు ముంచి, చక్రానికి బొట్టు పెట్టి, అది కారుతుంటే చూసింది.

"పల్చగా కలిపావు" అంది.

"ముద్దగా కలపనని నీకు తెలుసుగా" అన్నాను.

విమానం అంతటికీ ఆవిడే పెట్టింది. చివరిదాకా గిన్నె నేను పట్టుకున్నాను.